బాపు ఖాకీ, జర్మనోని కోటు

నేను జర్మనీ సిపాయి బొమ్మలకు రంగులేస్త. రెండో ప్రపంచ యుద్ధంల కొట్లాడిన సిపాయిలు. చూపుడు వేలంత ఎత్తుంటరు, ప్లాస్టిక్‌వి. ముక్కలు ముక్కలుగ డబ్బాల అస్తరు. కాళ్ళు, చేతులు, తల, టోపీ అన్ని అతికిచ్చి, సన్న కుంచెతోని రంగులేసి మనిషిని చెయ్యాలె. నాందేడ్ల ఈ పని చేసేటోళ్ళు నాకు తెలిసి నేనొక్కదాన్నే. ఇంకెవరన్నా ఉంటే రమ్మనుండ్రి, చాయ్ తాగుకుంట కొట్లాడుకుందం.

పొద్దంత సాలెల పిల్లలకు డ్రాయింగ్ చెప్త. ఇంటికచ్చి కిటికీ కాడ బల్ల ముందట కూసుంట. నలభై దాటింది, పెండ్లి చేసుకోలె. అదొక పెద్ద లొల్లి, ఇక్కడ వద్దు. నాకు రెండు అర్రలున్నయ్, ఒకదాంట్ల నేనుంట, ఇంకోదాంట్ల జర్మనోళ్ళుంటరు.

"ఎందుకమ్మా జర్మనోళ్ళు? మన జవాన్లు లేరా?" అని అడగని మనిషి లేడు. మొదటి డబ్బా హైదరాబాద్ల ఒక దుకాణంల దొరికింది, అండ్ల జర్మనోళ్ళే ఉన్నరు, అంతే సంగతి. తర్వాత వాళ్ళను ఎందుకు ఇడిసిపెట్టలేదంటే, లోకంల అందరికన్న ఎక్కువ అబద్ధాలు వాళ్ళ బట్టల మీదనే చెప్తరు. సినిమాలల్ల చూడుండ్రి, ఒక్కొక్కడు పెండ్లికొడుకు లెక్క ఉంటడు. ఇస్త్రీ నలగది, బూటు మీద మట్టి ఉండదు. నాకు ఒళ్ళు మండుతది.

ఒకనాడు నా బొమ్మల డబ్బా సాలెకు తీస్కపోతే, మా లెక్కల సారు తెరిచి చూసిండు. "కాయ్ రుబాబ్!" ఏం దర్జా అని మరాఠీల మొదలువెట్టి, నడుమల్నే ఆగిండు. "మేడమ్, ఇదేంది, మోకాళ్ళ కాడ అతుకేసినవ్? జర్మన్ అంటే కడక్ ఉండాలె. వాళ్ళ డిసిప్లిన్ ఏంది, ఆ మీసాల నాయకుని దబ్‌దబా ఏంది!" అన్నడు. ఆ నాయకుని తారీఫు చేసేటోళ్ళు మా దిక్కు శానమంది ఉన్నరు, సదువుకున్నోళ్ళల్ల ఇంకింత ఎక్కువ. నేను డబ్బా గుంజుకున్న.

"సార్, యుద్ధం మొదలైనప్పుడు వాళ్ళ కోటు కాలరు ముదురు పచ్చగ ఉండె, జేబుల మీద మడత ఉండె, మోకాళ్ళ కిందిదాక తోలు బూట్లు ఉండె. యుద్ధం సాగిన కొద్ది కాలరు పచ్చ పోయింది, జేబు మడత పోయింది. ఉన్ని సాలక పాత బట్ట పీకి కలిపిండ్రు. తోలు సాలక బూట్లు పొట్టిగ చేసి, పైన కాన్వాసు పట్టీలు కట్టిచ్చిండ్రు. ఆఖరుకు ఒక్క వరుసల నలుగురు నిలబడితే నాలుగు తీర్ల రంగులు. నేను చేసింది ఆఖరోళ్ళను. రుబాబ్ కావాల్నంటే సినిమా చూసుకో."

ఆయన నవ్విండు. "ఇంత చిన్న బొమ్మకు ఎవడు చూస్తడు మేడమ్?"

"నేను చూస్త."

వాళ్ళు చేసిన పాపాలు నాకు తెల్వక కాదు. మస్తు చదివిన, చదివినంక రెండు మూడు దినాలు అన్నం సయించలె. అందుకే వాళ్ళను పెండ్లికొడుకులను చెయ్య. దయ్యమైనా సరే, ఏ బట్ట తొడుక్కున్నదో ఆ బట్టే వెయ్యాలె. మంచి బట్ట తొడిగితే పాపం కూడ అందంగ కనవడ్తది. అది నా చేతుల మీదికెల్లి కానియ్య.

ఇగ మా బాపు సంగతి. మా బాపు ఎర్ర బస్సు కండక్టరు. నాందేడ్‌కెల్లి నాయ్‌గావ్, కుండల్‌వాడి, ముఖేడ్, ఈ రోడ్లన్ని ఆయన చెప్పుల కిందనే అరిగినయ్. బూటు కాదు, చెప్పులే. ఎడమ కాలికి ఆనెకాయ ఉండె, బూటు తొడిగితే ప్రాణం పోతుండె. చెకింగ్ సాయెబు ఎన్నిసార్లు కోపం చేసినా "సాబ్, కాలు నాది" అని నవ్వేటోడట. ఖాకీ అంగి, ఖాకీ పాయింటు, రొమ్ము మీద ఇత్తడి బిళ్ళ, భుజానికి తోలు సంచి, చేతుల టికెట్లు కొట్టే మిషను. నా చిన్నప్పుడు బాపు గల్లీ మొగదలకు అచ్చిండంటే మనిషి కంటె ముందు ఆ మిషను కట్ కట్ అని వినవడేది.

ఆ ఖాకీ అంగిలు నేనే ఉతికేదాన్ని. ఎండకు, సబ్బుకు అంగి అంత తెల్లగై పోయేది గని, సంచి పట్టీ ఉండే కాడ మాత్రం, ఎడమ భుజం మీదికెల్లి కుడి నడుముదాక, పాత రంగు ఒక పట్టీ లెక్క అట్లనే ఉండేది. అంగి దండెం మీద ఉన్నా, బాపు సంచి తగిలిచ్చుకున్నట్టే కనవడేది. జర్మనోళ్ళ బొమ్మలకు గూడ నేను అదే చేస్త. సంచి మోసేటోనికి, ఆ పట్టీ జర జరిపి, కింద ముదురు గీత వేస్త. మొబైల్ల మాకొక గ్రూపు ఉన్నది, దేశదేశాలోళ్ళు. కాలరు రంగు ఒక్క చుక్క మారితే వారం దినాలు తిట్టుకుంటరు. నా బొమ్మ చూసి ఒకాయన "రంగు తప్పింది" అని రాసిండు. తప్పలేదు, మా ఇంట్ల ఉతికి చూసిన అని జవాబు పెట్టిన.

బాపు రిటైరయినంక అవ్వతోని మా అన్న ఇంట్ల ఉండె. కన్నతల్లిని మా దిక్కు అవ్వ అనే పిలుస్తం. అన్న ఇల్లు మా గల్లీకి దగ్గర్నే. బాపు రోజు సాయంత్రం నా దగ్గరికచ్చి బల్ల పక్కన కూసునేటోడు. కండ్లద్దాలు పైకి లేపి ఒక్కొక్క జర్మనోన్ని ఎలుగుకు పట్టి చూసేటోడు. "వీడు యాడికి పోతుండే బిడ్డా? టికెట్ తీసుకున్నడా?" అనేటోడు. నేను కసిరేదాన్ని, ఆయన మళ్ళ అదే అనేటోడు. నా జిందగీల మంచి సాయంత్రాలు అవే.

బాపు పోయిండు. ఆస్పత్రి, డాక్టర్లు ఏం లేదు, నిద్రల్నే పోయిండు.

పెద్దకర్మ కాడికి మా అన్న ఫోటో చేయించుకచ్చిండు. ఇంత పెద్ద ఫ్రేము, బంగారు అంచు. బట్ట తీసి చూపెట్టిండు. నేను చూసిన. తల మా బాపుదే. రేషన్ కార్డు కోసం దిగిన ఫోటోలకెల్లి తీసిండ్రు. మెడ కింద నల్ల సూటు, తెల్ల అంగి, ఎర్ర టై. ఎనుక నీలి పరదా. స్టూడియోలల్ల కంప్యూటర్ మీద సూట్లు తయారుగ ఉంటయ్, సచ్చిపోయిన ఎవరి తలైనా తెచ్చి పెట్టుడే. మా గల్లీల నాలుగిండ్లల్ల గోడల మీద అదే సూటు, అదే టై, తలలు మాత్రం వేరే.

"ఇదెవరు?" అని అడిగిన.

"ఏం మాటలే అవి! బాపు."

"బాపుకు సూటు ఎక్కడిది?"

"లేకుండె, అందుకే వేయించిన." అన్న ఫ్రేము అంచు తుడుసుకుంట అన్నడు. "నా పెండ్లికి నేను సూటు కుట్టించుకున్న. నీకు గూడ ఒకటి కుట్టిస్త బాపూ అని చెప్పిన. కుట్టియ్యలె. ఇన్నేండ్లు అయ్యింది, కుట్టియ్యనే లె. ఇప్పుడన్నా వేసుకోనియ్యి."

నా గుండె కలుక్కుమన్నది, అబద్ధం చెప్ప. గని నోరు ఊకోలె. "నీ కోరిక నీ దగ్గర పెట్టుకో అన్నా, బాపు మీద తొడగకు. బాపు ఖాకీ మనిషి. ఖాకీ ఫోటో పెట్టు."

"ఉంటే తే, పెడ్త! ఒక్కటి తెచ్చి చూపెట్టు!" అన్నడు. అంతటితోని ఆగలె. "ఆ పాపిష్టి జర్మనోళ్ళ బొమ్మలకు గుండీ గుండీ ఎతుకుతవ్. నా తండ్రికి ఒక్క మంచి కోటు తొడిగిస్తే ఓర్సుకోవు. ఏం ఆడిదానివే నువ్వు?"

అందరు చూస్తున్నరు. వదిన నా చెయ్యి గుంజుతున్నది. గని అన్న నోటికెల్లి అచ్చిన మాటల్నే నాకు జవాబు దొరికింది.

"అదే అన్నా, అదే! ఊర్లు కాలవెట్టినోనికి గూడ నేను వాని చినిగిన కోటే తొడిగిన, వాంది వానికి ఇచ్చిన. మన బాపు ఏం పాపం చేసిండని పరాయోని కోటు తొడిగిండ్రు? జర్మనోనికి ఉన్న న్యాయం మన బాపుకు లేదా?"

అన్న ఫోటోను గోడకు తగిలిచ్చి, దండ వేసి, నాతోని మాట్లాడుడు బంద్ చేసిండు. అవ్వ మూలకు కూసున్నది. నేను ఆనాడే అనుకున్న, ఏడాది మాసికం నాటికి బాపును ఖాకీలనే తెచ్చి ఈ ఇంట్ల నిలబెడ్త, ఎవ్వడొద్దంటడో చూస్త.

అనుకునుడు అలకనే. ఎతుకుతే తెలిసింది. మా బాపు ఖాకీల దిగిన ఫోటో ఒక్కటి లేదు. ఇంటికి రాంగనే మొదలు అంగి ఇడిసి గోడ మొలకు తగిలిచ్చేటోడు. పెండ్లిళ్ళకు, పండుగలకు తెల్ల అంగి. బిళ్ళ, సంచి, మిషను రిటైరైన దినం డేపోల తిరిగి ఇచ్చేసిండు. ఆయనతోని పనిచేసినోళ్ళను అడిగితే వాళ్ళ దగ్గర గూడ లేవు. డ్యూటీ బట్టల మీద ఎవడు ఫోటో దిగుతడమ్మా అన్నరు. ఎన్నడు చూడని జర్మనోని కోటు ముందు, ఎనుక, లోపటి అస్తరు గూడ వేల ఫోటోలల్ల దొరుకుతది. నన్ను భుజం మీద మోసినోని అంగి ఒక్క ఫోటోల లేదు. కోపంతోని ఏడ్పచ్చింది. ఏడ్చిన, మళ్ళ బల్ల కాడ కూసున్న.

ఫోటో లేకుంటే లేదు, నాకు వచ్చిన పని ఒకటున్నది గదా! డబ్బాలకెల్లి ఒక జర్మనోన్ని తీసిన. నడీడు మనిషి, జర ఒంగి నడుస్తున్నోడు, మా బాపు నడక లెక్కనే. వాని చేతుల తుపాకి కోసేసిన. టోపీ తీసేసిన. కోటు జేబులు గీకి గీకి నున్నగ చేసి, పుట్టీతోని అంగి మడతలు దిద్దిన. బూట్లు నరికి చెప్పులు చేసిన. జర్మనీ ఆఫీసర్లు నక్షలు పెట్టుకునే తోలు సంచి నడుముకు కట్టుకుంటరు, అది డబ్బాల్నే దొరికింది, పట్టీ పొడుగు చేసి భుజానికి వేసిన. చేతుల మిషను పెట్టిన. ఒక జర్మనోడు కొద్ది కొద్దిగ మా దిక్కు మనిషైతుంటే నాకు నవ్వచ్చింది. బాపు ఉంటే "టికెట్ తీసుకోనోడు కండక్టరైండా!" అనేటోడు.

రంగు కాడ చిక్కచ్చింది. ఖాకీల వంద తీర్లుంటయ్. దుకాణంల దొరికే సీసా ఖాకీ ఏ దేశపు సిపాయిదో, మా బాపుది కాదు. అప్పుడు యాదికచ్చింది అవ్వ బొంత. మా ఇంట్ల చినిగిన బట్ట ఏదీ పారెయ్యరు, బొంతల పోతది. అన్న ఇంటికి పొయ్యి, మాట్లాడనోని ఇంట్లకే తలెత్తుకొని పొయ్యి, అవ్వ మంచం మీది బొంతను ఎండల పరిచిన. పాత చీరల నడుమ దొరికినయ్ ఖాకీ ముక్కలు. ఒక ముక్క సగం తెల్లగ, సగం ముదురుగ ఉన్నది, నడుమ గీత గీసినట్టు. సంచి పట్టీ జాగ! నేను ఆడనే కూలబడ్డ. అవ్వ గడప కాడ నిలబడి చూస్తున్నది.

"ఏం చేస్తున్నవే?"

"బాపుకు అంగి కుడుతున్న."

ఆ దినం సంది అవ్వ, నేను పొయినప్పుడల్ల బొంత తనే తెచ్చి ఎండల వేసేది. ఇంకో సంగతి గూడ అప్పుడే గమనించిన. ఫోటో ముందట దినాం సాయంత్రం దీపం వదిన పెడ్తున్నది. అవ్వను అడిగితే "మోకాళ్ళు నొస్తయ్, ఒంగరాదు" అన్నది. తులసమ్మ కాడ ఒంగి ముగ్గేస్తది, ఈడ ఒంగరాదట!

గుండీలు ఆఖర్ల పెట్టిన. బాపు అంగికి అన్ని గుండీలు ఖాకీయే, ఒక్కటి మాత్రం తెల్లది. నాయ్‌గావ్ బస్టాండుల జనం తోపులాటల తెగిపోతే అవ్వ మా అన్న సాలె అంగికెల్లి తెల్ల గుండీ కోసి కుట్టింది. సాయెబులు కోపం చేసిండ్రు, బాపు మార్చలె. "నా ఇంటిది కుట్టింది, ఉండనియ్యి" అన్నడట. మూడో గుండీ కాడ ఆ తెల్ల చుక్క పెట్టినప్పుడు నేను ఊపిరి బిగవట్టిన.

ఏడాది మాసికం నాడు అన్న ఇల్లు నిండ సుట్టాలు. సూటు ఫోటోకు కొత్త దండ. ముందట పీట, పీట మీద విస్తారి, వంటలన్ని వడ్డించి ఉన్నయ్. నేను చీర కొంగు కింద చిన్న అట్ట డబ్బాలకెల్లి బాపును తీసి, ఫోటో ముందట, విస్తారి పక్కన నిలబెట్టిన.

"ఏందది?" అన్నడు అన్న. ఏడాదిల నాతోని మాట్లాడిన మొదటి మాట.

"బాపు."

ఎవరో కిసుక్కున నవ్విండ్రు. "బొమ్మకు దండం పెట్టాల్నా?" అన్నరు ఇంకెవరో. అన్న మొఖం ఎర్రగైంది. "తియ్యి. పది మందిల ఇజ్జత్ తియ్యకు. తియ్యి అంటున్న!"

"తియ్య. ఫోటో తెచ్చి చూపెట్టుమన్నవ్, ఫోటో దొరకలె, మనిషినే తెచ్చిన. తీసేసుడైతే నువ్వు తియ్యి, నీ చేతులతోని."

అన్న చెయ్యి సాపిండు. ఒంగిండు. ఒంగినోడు ఒంగినట్టే ఆగిండు. ఎందుకంటే అవ్వ లేసింది. మోకాళ్ళు నొయ్యలె, ఏం నొయ్యలె, వచ్చి పీట ముందట సరసరా కూసున్నది. బొమ్మను తీసి అరచేతుల పెట్టుకొని, కండ్లకు దగ్గర పట్టుకున్నది. చెప్పులు చూసింది. సంచి చూసింది.

"గుండీ పెట్టినవా?" అని అడిగింది.

"పెట్టిన అవ్వా. తెల్లది, మూడోది."

"మూడోది కాదే." అవ్వ తలకాయ ఊపింది. "పైకెల్లి రెండోది. సంచి పట్టీ రాసుకునేది ఆడనే, ఊకె ఊకె తెగేది. కుట్టిందాన్ని నేను, నీకెరుకనా నాకెరుకనా? సరిజెయ్యి."

"ఇప్పుడా?" అన్నది వదిన. "అన్నం చల్లారుతున్నది అత్తమ్మా, కాకికి పెట్టాలె, ఇంతమంది ఆకలితోని ఉన్నరు."

"ఉండనియ్యిండ్రి. అది సరైందాక దీపం వెలగది." అవ్వ ఫోటో దిక్కు వేలు చూపెట్టింది. "ఏడాది సంది ఇంట్ల లొల్లెందుకని ఊకున్న. ఆ కోటాయన ఎవ్వరో నాకు తెల్వదు. పరాయి మొగోని ముందట నేను దీపం పెట్ట."

నేను ఉరికిన. ఇంటికి పొయ్యి కుంచె, రెండు సీసాలు పట్టుకొని దమ్ము తీసుకుంట అచ్చి, పీట ముందట బాసింపట్టు వేసుకొని కూసున్న. మూడో గుండీకి ఖాకీ వెయ్యాలె, రెండోదానికి తెలుపు. ఎంత జాగ అంటే, ఆవగింజల సగం ఉండదు. సుట్టాలు మీద మీద పడి చూస్తున్నరు, ఎలుగు సాలుత లేదు. కుంచె పట్టుకొని అట్లనే ఆగిపోయిన.

అప్పుడు నా భుజం మీదికెల్లి తెల్లటి ఎలుగు పడ్డది. మా అన్న మొబైల్ టార్చి పట్టి నిలబడ్డడు. "జర ఎడమకు పట్టు" అని చెప్పిన. పట్టిండు. కండ్లకెల్లి నీళ్ళు కారుతున్నయ్, తుడుసుకుంటలేడు, టార్చి మాత్రం కదలనియ్యలె. నేను తెల్ల చుక్క పెట్టిన.

"అది నా అంగి గుండీ," అన్నడు మెల్లగ.

అవ్వ బొమ్మను మళ్ళ ఒకసారి చూసి, పీట మీద తన చేతులతోనే నిలబెట్టి, దీపం ముట్టించింది.

ఆ సూటు ఫోటో ఇప్పటికి గోడ మీదనే ఉన్నది. అన్న తియ్యలె, నేను తియ్యమనలె. ఇల్లు ఆయనది, గోడ ఆయనది, కోరిక ఆయనది. దీపం మాత్రం దినాం సాయంత్రం కింద, వేలంత మా బాపు ముందట వెలుగుతది. తెల్వక ఇంటికచ్చినోళ్ళు "దీపం ఫోటో ముందట పెట్టాలె గదమ్మా" అంటే, మా అవ్వ తలెత్తకుంటనే చెప్తది. "ఆ కోటాయనకు ఇంటోళ్ళు ఎవరన్నా ఉంటే, వాళ్ళే అచ్చి పెట్టుకుంటరు తియ్యి."